బరువు దించిన బాటసారి — కోయంబత్తూరు కరివర్ధన్

మా పొలం గట్టున వున్న చిన్న రేకుల షెడ్డులో ఒక మోటారు వుంది. దాళ్వాలో కాలువ నీరు చివరి చేలకు అందనప్పుడు దాన్ని ఆన్ చేస్తాం. ఆ మోటారు మీద అతికించిన రేకుముక్క మీద కోయంబత్తూరు అని వుంటుంది. చిన్నప్పుడు నాకు ఆ వూరంటే మోటార్లు పండే వూరు అనే అనుకునేవాణ్ణి. మండపేటలో ధాన్యం మిల్లులూ కోళ్ళఫారాలూ వున్నట్టే, అక్కడ మోటార్లు వుంటాయన్నమాట. కాస్త పెద్దయ్యాక తెలిసింది, ఆ వూళ్ళో పుట్టినవి మోటార్లు మాత్రమే కాదనీ, మన దేశంలో పందెపు కార్ల చదువుకు ఓనమాలు దిద్దించిన ఒక మనిషి కూడా అక్కడే పుట్టాడనీ. ఆయన పేరు సుందరం కరివర్ధన్. దగ్గరివాళ్ళందరికీ కరి.

మన కళాశాల సంచికలో ఏటా గాంధీగారి గురించీ, సి.వి. రామన్‌గారి గురించీ, అల్లూరి గురించీ మిత్రులు వ్రాస్తూనే వున్నారు. అవి వ్రాయవలసినవే. ఈసారి మాత్రం ఒక కార్ల మనిషి గురించి వ్రాస్తానంటే సంపాదకవర్గంలోని మిత్రులు కాస్త నవ్వారు. ఫిజిక్సు చదివేవాడికి కార్ల పందేల గొడవ యెందుకని వారి సందేహం. ఆ సందేహానికి జవాబు ఈ వ్యాసం చివర దొరుకుతుందని నా ఆశ.

ముందుగా ఆ వూరి సంగతి. విజయనగర రాజుల కాలంలోనూ ఆ తర్వాతా తెలుగునాటనుంచి దక్షిణాదికి వలసవెళ్ళిన రైతు కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపట్ల నల్లరేగడి భూముల్లో స్థిరపడ్డాయి. కమ్మవారు నాయుళ్ళని వారిని అక్కడ పిలుస్తారు. తరాలు గడిచినా ఇళ్ళలో తెలుగు మాట పూర్తిగా పోలేదు. ప్రత్తి పండించిన చేతులే తర్వాత ప్రత్తిని ఒడికే మిల్లులు పెట్టాయి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు ప్రారంభించిన లక్ష్మీమిల్సు అలాంటిదే. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక మిల్లులు పెరిగాయి. మిల్లుల మరమ్మతుకు వర్కుషాపులూ, వాటి వెనకాల ఇనుము పోతపోసే ఫౌండ్రీలూ వచ్చాయి. చివరికి రైతు బావి దగ్గరికి మోటారు వచ్చింది. ఒకదాని చెయ్యి పట్టుకుని ఒకటి నడిచాయి.

ఆ నేలమీదే 1893లో కలంగల్ అనే పల్లెలో ఒక వ్యవసాయ కుటుంబంలో జి.డి. నాయుడుగారు పుట్టారు. ఒక దొరగారి మోటారు సైకిలును చూసి మనసు పారేసుకుని, కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ బండినే కొని, దాన్ని విప్పి, మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ళ మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థనే నడిపారు. 1974లో ఆయన కన్నుమూసేనాటికి కరివర్ధన్‌కు దాదాపు ఇరవై యేళ్ళు. అంటే ఇంచుమించు నా వయస్సు.

కరివర్ధన్ 1954లో లక్ష్మీమిల్సు కుటుంబంలో పుట్టారు. నాయుడుగారిలాగా బల్లలు తుడిచి బండి కొనుక్కోవలసిన అవసరం ఆయనకు లేదు. ఈ సంగతి దాచిపెట్టి ఆయన్ను పేదింటి వీరుడుగా చూపిస్తే అది అబద్ధమవుతుంది. ఆయన కలిగిన యింటి బిడ్డ. మిల్లుల వ్యవహారాలూ చూసుకున్నారు. అయితే కలిగిన యింటి బిడ్డలు చాలామంది వున్నారు గదా! వాళ్ళందరూ కార్లు కొన్నారు. ఈయన కారును విప్పాడు. తేడా అక్కడుంది.

ఆ రోజుల్లో మన దేశంలో కార్ల పందెం అంటే షోలవరం. మద్రాసుకు ఉత్తరాన, మన రావులపాలెం మీదుగా పోయే కలకత్తా రోడ్డు పక్కనే వుంది ఆ వూరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు దిగడానికి వేసిన కాంక్రీటు బాటలు యుద్ధం అయ్యాక ఖాళీగా పడివుంటే, 1953లో పుట్టిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు వాటిమీద పందేలు పెట్టారు. జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చేవారు. మైదానం చుట్టూ నీడ లేదు, దుమ్ము మాత్రం కావలసినంత. అక్కడ రెండు రకాల బండ్లు దిగేవి. ఒకటి విదేశాలనుంచి తెప్పించినవి. 1980ల తొలి యేళ్ళలో ఒక పాత ఫార్ములా వన్ కారు కూడా అక్కడ పరుగెత్తింది. రెండవ రకం, మనం రోడ్డుమీద రోజూ చూసే ఫియట్లూ, హెరాల్డులూ, అంబాసిడర్లూ. వాటిని విప్పి, చెక్కి, బరువు తగ్గించి పందేనికి తెచ్చేవారు. మొదటి రకానికి డబ్బూ, దిగుమతి అనుమతీ వుంటే చాలు. రెండవ రకానికి బుర్రా, చేతులూ కావాలి. కరివర్ధన్ అక్కడ స్వయంగా కారు నడిపారు. అయితే చరిత్రలో ఆయన పేరు నిలిచింది నడిపినందుకు కాదు, తయారుచేసినందుకు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. లెక్కలంటే భయపడే ఆర్ట్సు మిత్రులు క్షమించాలి, ఇది ధాన్యం బస్తాల లెక్క కంటే కష్టమేమీ కాదు. అంబాసిడరు ఇంజను 1489 సి.సి., శక్తి సుమారు 50 గుర్రాలు, కారు బరువు 1,100 కిలోల పైమాటే. అంటే టన్నుకు వచ్చేది 45 గుర్రాలు. ఫియట్ వంశానికి చెందిన ప్రీమియర్ పద్మినికి 1089 సి.సి. ఇంజను, సుమారు 40 గుర్రాలు, బరువు 900 కిలోల దరిదాపు. అదీ టన్నుకు 44, 45 దగ్గరే ఆగింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని ఇంజను 796 సి.సి. మాత్రమే, మూడే సిలిండర్లు, సుమారు 39 గుర్రాలు. పైకి చూస్తే పై రెండింటికంటే పసిది. కాని బరువు 650 కిలోల లోపే! టన్నుకు 60 గుర్రాలన్నమాట. పెద్ద ఇంజను పెట్టుకున్న అంబాసిడరును ఈ చిట్టిబండి యెందుకు దాటిపోయిందో ఇప్పుడు తెలిసిందిగదా.

ఇంకొక అడుగు వేద్దాం. ఆ 650లో 100 కిలోలు తీసేస్తే టన్నుకు 71 గుర్రాలవుతాయి. బరువు ముట్టుకోకుండా ఇంజనుద్వారానే అంత లాభం రావాలంటే, 39 గుర్రాల ఇంజనును 46 గుర్రాలకు లాగాలి. దానికి సిలిండరు హెడ్డు అరగదీయాలి, గాలి దారులు నునుపుచెయ్యాలి, పెద్ద కార్బురేటరు పెట్టాలి, పొగగొట్టం మార్చాలి. ఇంత చేస్తే ఇంజను త్వరగా అరుగుతుంది, పెట్రోలు యెక్కువ తాగుతుంది. పైగా అలా వచ్చిన శక్తి ముందుకు పరుగెత్తడానికే పనికొస్తుంది. బరువు తీయడం అలాకాదు. ముందుకు పోయేటప్పుడూ లాభమే, బ్రేకు వేసేటప్పుడూ లాభమే. అదే వేగంలో వున్న కారు చలనశక్తి దాని బరువుకు అనులోమంగా వుంటుంది కనుక, బరువు ఆరోవంతు తగ్గితే బ్రేకులో పుట్టే వేడీ ఆరోవంతు తగ్గుతుంది. మలుపులోనూ లాభమే. పుస్తకంలోని ఘర్షణ సూత్రం ప్రకారం మలుపు వేగానికీ బరువుకూ సంబంధం వుండకూడదు. కాని రబ్బరు టైరు మన పాఠ్యపుస్తకం చదవలేదు. బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. అందుకే తేలిక బండికి మలుపులో పట్టు మిగులుతుంది.

మరి యేం తీస్తారు? వెనక సీటు, తలుపుల లోపలి అట్టలు, కింద పరిచిన తివాచీ, చప్పుడు రాకుండా నేలకు అంటించే తారు పలకలు, బంపర్లు, స్టెప్నీ, జాకీ. పక్క అద్దాల చోట పలుచని ప్లాస్టికు పలక. బానెట్టూ డిక్కీ మూతా ఇనుముకు బదులు ఫైబరుగ్లాసువి. ఈ ఫైబరుగ్లాసు మహిమ తెలియాలంటే బెంగుళూరులో 1980లలో తయారైన సిపానీ డాల్ఫిన్ కారును తలుచుకోవాలి. దాని ఒళ్ళంతా ఫైబరుగ్లాసే. కొనుక్కునేవాళ్ళు దాన్ని పెద్దగా ఆదరించలేదుగాని, పందెగాళ్ళు మాత్రం ఆ తేలికదనం చూసి కళ్ళకద్దుకున్నారు.

ఇదంతా మన రైతులకు కొత్త కాదు. సంక్రాంతికి మన వైపు జరిగే ఎడ్ల పరుగు పందెం చూసినవారికి తెలుసు. పందెపు బండికి తొట్టె వుండదు, అడ్డపట్టెలు వుండవు, మనిషి నిలబడే చోటు తప్ప మిగిలినదంతా తీసేసి వుంటుంది. బండలాగుడు పందేనికి తెచ్చే ఎడ్లు వేరు, పరుగు పందేనికి తెచ్చేవి వేరు. అలాగే దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించి బరువు పెంచుతాం, బురదలో పట్టుకోసం. పనిని బట్టి బరువు. ఈ తెలివి మా తాతగారికి న్యూటను పేరు తెలియకుండానే తెలుసు.

ప్రపంచంలో ఈ విద్యకు పెద్ద గురువు ఇంగ్లండుకు చెందిన కాలిన్ చాప్‌మన్. ఆయన 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి తన మొదటి పందెపు బండి కట్టాడు, 1952లో లోటస్ కంపెనీ పెట్టాడు. ఆయన 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ బరువు సుమారు 500 కిలోలు. తేలికదనమే ఆయనకు మతం. ఆ మతంతో ఎన్నో ప్రపంచ విజయాలు వచ్చాయి. కాని దానికి చెల్లించిన ధరా వుంది. ఆయన కార్లు మరీ సన్నగా, మరీ పెళుసుగా వున్నాయన్న విమర్శ జీవితాంతం వెంటాడింది. 1968లో జిమ్ క్లార్కు, 1970లో యోహెన్ రిండ్టు లోటస్ కార్లలోనే ప్రాణాలు వదిలారు. 1970 ప్రపంచ విజేత బిరుదు చనిపోయిన రిండ్టుకే దక్కింది. తీసుకునే చేతులు లేవు. 1982లో చాప్‌మన్ కూడా పోయాడు.

ఇక కరివర్ధన్ దగ్గరికి వద్దాం. రోడ్డుమీద తిరిగే కారును యెంత విప్పినా అది సంసారి కారే, నలుగురి కోసం కట్టిన యిల్లు. ఒక హద్దు దాటి తేలిక కాదు. మరి విదేశీ పందెపు కారు మనవాడికి అందదు. ఈ రెండిటి మధ్య ఆయన ఒక దారి వేశారు. మారుతి 800 ఇంజనూ, అందులోని మరికొన్ని భాగాలూ తీసుకుని, ఇనుప పైపులతో చట్రం కట్టి, ఒకే సీటు పెట్టి, నాలుగు చక్రాలూ బయటికి వుండేలా ఒక చిన్న పందెపు కారు తయారుచేశారు. అదే ఫార్ములా మారుతి. ఇంజను చెడితే బొంబాయికో లండనుకో కబురు పెట్టనక్కరలేదు, బజారులోని దుకాణంలో సామాను దొరుకుతుంది. అందరి కిందా ఒకే రకం బండి వుంటే గెలుపు డబ్బుది కాదు, నడిపేవాడిది. నా దృష్టిలో ఆయన గొప్ప ఆలోచన ఇదే. చట్రం, బ్రేకులు, మలుపు, గేరు అన్నీ అసలు పందెపు కారు లక్షణాలే, శక్తి మాత్రం పల్లెటూరి మెకానిక్కుకు అర్థమయ్యేది.

అంతటితో ఆగితే ఆయన మంచి ఇంజనీరు మాత్రమే అయ్యేవారు. కట్టిన కార్లను నేర్చుకోవాలనే కుర్రవాళ్ళకు డబ్బు తీసుకోకుండా ఇచ్చేవారు. కార్ల పందెం ఎంత ఖర్చుతో కూడిన పనో కొంచెం తెలిసినవారికి కూడా ఇది యెంత మాటో అర్థమవుతుంది. బండి గుద్దితే నష్టం బండి ఇచ్చినవాడిదే.

1990లో మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరు వైపు ఇరుంగట్టుకోట్టైలో పందేలకోసమే కట్టిన బాట వచ్చింది. షోలవరం శకం ముగిసింది. ఆ కొత్త బాటమీద ఫార్ములా మారుతి కారులో ఒక కోయంబత్తూరు కుర్రవాడు తన మొట్టమొదటి పందెం ఆడి, మొదటి ముగ్గురిలో నిలిచాడు. అతను నరేన్ కార్తికేయన్. అతని తండ్రి జి.ఆర్. కార్తికేయన్ కూడా పేరున్న ర్యాలీ విజేత. 1994లో నరేన్ ఇంగ్లండులో ఫార్ములా ఫోర్డు శీతాకాలపు పోటీల్లో విజేత అయ్యాడు. ఐరోపాలో ఒక భారతీయుడు కారు పందేల విజేత కావడం అదే మొదలు. ఆ వార్త కరివర్ధన్ జీవించి వుండగానే వచ్చింది.

ఆ మరుసటి యేడు, 1995లో, ఆయన వెళ్ళిపోయారు. కార్లతోపాటు ఆయనకు గాలిలో యెగిరే తేలిక విమానాల మీదా మక్కువ. అలాంటి ఒక చిన్న విమానం కూలి ఆయన మరణించారు. వయస్సు 41. జీవితమంతా బరువుతో లెక్కలు కట్టిన మనిషి, అన్నిటికంటే తేలికైన బండిలో పోయారు. దీనికి అర్థం వెతకడం నాకు చేతకాదు. వ్రాయకుండా వదిలెయ్యడం మాత్రం న్యాయం కాదనిపించింది.

ఆయన పోయిన పదేళ్ళకు, 2005లో, నరేన్ కార్తికేయన్ జోర్డాన్ జట్టులో ఫార్ములా వన్ పందెంలో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. 2010లో దిగిన రెండవవాడు కరుణ్ చంధోక్. అతనూ ఫార్ములా మారుతి బండ్ల మీద చెయ్యి తిప్పినవాడే. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలో 2003లో తెరిచిన పందెపు బాటకు కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. నేను ఇంటర్ చదివేటప్పుడు మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర ఒక పాత మోటారు సైకిలు వుండేది. అన్నయ్యా నేనూ కలిసి దాన్ని తేలిక చేద్దామని బయలుదేరాం. మడ్‌గార్డులు తీశాం, చెయిను కవరు తీశాం, చీర గార్డు తీశాం, వెనక సీటు తీశాం. అక్కడితో ఆగివుంటే బాగుండేది. ముందు బ్రేకు ఎలాగూ సరిగా పట్టడం లేదని దాని లివరూ కేబులూ కూడా ఊడబీకేశాం. బండి ఝామ్మని పోయింది. కాలువ గట్టుమీద ఒక గేదె అడ్డం వచ్చేదాకా మేం మహా ఇంజనీర్లమే. వెనక బ్రేకు ఒక్కటే పట్టి బండి పక్కకు జారింది. నాకు చేతులు గీరుకున్నాయి. అన్నయ్యకు భుజం ఎముక విరిగింది. ఆ సార్వా ఊడ్పులకు అన్నయ్య చేలో దిగలేకపోయాడు. కూలిమనిషిని పెట్టుకోవలసి వచ్చింది పెదనాన్న. ఆయన మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అనివుంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కరివర్ధన్ గురించి చదివింది ఆ తర్వాతే. చదివాక తెలిసింది, మేమెక్కడ తప్పామో. పందేనికి కారు కట్టేవాడు వంద కిలోలు తీసేముందు ఒక బరువు కలుపుతాడు. కారు లోపల మనిషి చుట్టూ ఇనుప పైపుల పంజరం కట్టి, నడుముకూ భుజాలకూ పట్టీలు వేసి, మంటలార్పే సిలిండరు పెట్టి, అప్పుడు సీట్లు పీకడం మొదలుపెడతాడు. బ్రేకు మీద చెయ్యి వేస్తే పెంచడానికే వేస్తాడు. ఆ బండిని కాలువ గట్టు మీదా, బస్సులు తిరిగే రోడ్డు మీదా కాక, గేదె అడ్డంరాని బాటమీద నడుపుతాడు. ఏది తియ్యాలో తెలియడం సగం విద్య. ఏది తియ్యకూడదో తెలియడం మిగతా సగం. మేం మొదటి సగంతోనే పరీక్షకు పోయాం.

ఇంకొక ప్రశ్న మా నాన్న అడిగింది. ఇవన్నీ డబ్బున్నవాళ్ళ ఆటలు గదా, మూడెకరాల రైతు కొడుక్కి దీంతో పనేమిటని. నాన్న మాటలో నిజం వుంది. ఈనాటికీ కార్ల పందెం ఖర్చు మనకు అందేది కాదు. అయితే కరి పేరున్న బాటమీద ఏటా ఫార్ములా భారత్ అనే పోటీ జరుగుతోంది. దేశం నలుమూలలనుంచి ఇంజనీరింగు విద్యార్థులు తామే లెక్కలు కట్టి, తామే వెల్డింగు చేసి, తాము కట్టిన ఒంటిసీటు కార్లను అక్కడికి తెస్తారు. ఆ జట్లలో వెల్డింగు పట్టుకున్నవాడి తండ్రికి ఎన్నెకరాలున్నాయని ఎవరూ అడగరు. కరివర్ధన్‌కు పుట్టుకతో వచ్చిన కలిమి మనకు రాదు. కాని ఆయన కలిమితో చేసిన పని, తలుపు తీసి పెట్టడం. ఆ తలుపు ఇంకా తీసే వుంది.

కనుక సంపాదకవర్గ మిత్రులారా, ఫిజిక్సు చదివేవాడికి కార్ల గొడవ యెందుకంటే ఇందుకే. బలమూ బరువూ త్వరణమూ అని మనం మొదటి సంవత్సరంలో బట్టీపట్టిన సూత్రాన్ని, ఒక మనిషి జీవితమంతా పైపులతోనూ, రేకులతోనూ, ఇతరుల పిల్లలతోనూ వ్రాశాడు. అన్నయ్య భుజం కుదురుకుంది. ఆ పాత బండి ఇప్పటికీ మా షెడ్డులో, కోయంబత్తూరు మోటారు పక్కనే వుంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం కూర్చుని దానికి మొట్టమొదట ముందు బ్రేకు బిగించాం.

— బి.ఎస్సి. విద్యార్థి, మండపేట